పద్నాలుగో నిమిషం

పరుగులో పదమూడున్నర నిమిషాల దాకా జెబివోట్ కుడికాలు బంగారం. పద్నాలుగో నిమిషంలో అది ఎవరి కాలో అయిపోతుంది. మోకాలికీ చీలమండకీ నడుమ, ముందువైపు ఎముక పక్కనున్న కండ బిగుసుకోవడం మొదలవుతుంది. ఇంకో రెండొందల అడుగులు వేసేసరికి రాయవుతుంది. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య చర్మం మొద్దుబారుతుంది, పాదం పైకి లేవనని మొరాయిస్తుంది. ఆ గురువారం గుంపు పరుగులో కూడా అచ్చం అంతే జరిగింది. కొండ మీది పరుగుల ఊరు ఇటెన్‌లో, ఎర్రమట్టి రోడ్డు మీద రెండొందల మంది గుంపుగా దూసుకుపోతుంటే, ఆమె ఒక్కతే మలుపు దగ్గర పక్కకి తప్పుకుని గట్టు మీద కూలబడింది.

ఆ నొప్పికి సిగ్గూ శరమూ లేదు. చెప్పిన వేళకి వస్తుంది, పది నిమిషాలు కూర్చుంటే ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోతుంది. మిగతా అమ్మాయిలు చెమటలు కక్కుతూ పరుగు శిబిరానికి తిరిగొచ్చేసరికి జెబివోట్ నిక్షేపంగా నడుచుకుంటూ వచ్చి, పొయ్యి మీద టీ కూడా పెట్టేసి ఉంటుంది. కుంటని మనిషి కాలు నొప్పంటే ఎవరు నమ్ముతారు?

"ఏమేవ్ పద్నాలుగో నిమిషం మహారాణీ!" అంది డోర్కాస్, బూట్లు విప్పి విసిరేస్తూ. శిబిరంలో అందరికంటే పెద్దది, అందరికంటే వేగం గలది, అందరికంటే నోరున్నదీ ఆమే. "టీ మరిగిందా? లేకపోతే దాన్ని కూడా పద్నాలుగు నిమిషాలకే దింపేశావా?"

అందరూ నవ్వారు. జెబివోట్ కూడా నవ్వింది, ఏడవడం కంటే అదే నయమని. కానీ నవ్వనివాడు ఒకడున్నాడు. గుమ్మం దగ్గర మెడలో స్టాప్‌వాచ్ వేలాడదీసుకుని నిలబడ్డ కోచ్ చెబోయ్. ఆ వాచ్ ఆయన మెడలోంచి ఎప్పుడూ దిగదు. రోడ్డు పక్కన కళ్ళు మూసుకుని నిలబడి, అడుగుల చప్పుడు బట్టి ఏ పిల్ల పోతోందో చెప్పేయగల మనిషి.

"రెండు గురువారాలయ్యాయి" అన్నాడు. "మూడోది కూడా మధ్యలో ఆపావంటే నీకే తెలుసు."

తెలుసు. శిబిరంలో ఉన్నవి పది మంచాలు. వరసగా మూడు గురువారాలు పరుగు పూర్తి చెయ్యని పిల్ల మంచం, బయట ఎదురుచూస్తున్న ఇంకో పిల్లకి పోతుంది. ఇన్ని నెలలూ ఒక గురువారం ఆగినా తరవాతిది కాలీడ్చుకుంటూ పూర్తి చేసి నెట్టుకొచ్చింది, ఈసారి వరసగా రెండు పోయాయి. ఆ మంచం కోసం జెబివోట్ రెండేళ్ళు కాచుకుంది. కెరియో లోయ అడుగున మేకల వెనకాల పరిగెత్తి పరిగెత్తి కొండెక్కి వచ్చిన పిల్ల ఆమె. ఇప్పుడు దిగితే మళ్ళీ ఎక్కడం ఉండదు, ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు.

పోనీ వైద్యం చేయించుకోలేదా అంటే, చెయ్యనిది లేదు. ఇటెన్‌లో మోకాలి కింద ఏ నొప్పి వచ్చినా దానికి ఒకటే పేరు, షిన్ స్ప్లింట్స్. ఆ పేరు చెప్పి కోచ్ చన్నీళ్ళలో కాలు పెట్టమన్నాడు, పెట్టింది. మర్దనా చేసేవాడు నూనె రాసి ప్రాణం పోయేట్టు పిసికాడు, ఓర్చుకుంది. ఎల్డొరెట్ పట్నం వెళ్ళి ఎక్స్‌రే తీయించుకుంది, ఎముక కడిగిన ముత్యంలా ఉందన్నారు. కొండ అంచున కొత్తగా పెట్టిన ఆసుపత్రికి రెండుసార్లు వెళ్ళింది, ఏమీ కనపడలేదన్నారు. సోమవారం మూడోసారి వెళ్ళింది.

అక్కడి డాక్టర్ అధియాంబోది కిసుము, సరస్సు ఒడ్డు. ఇటెన్‌కి వచ్చి ఏడాది కాలేదు. పరుగు గురించి ఆమెకి తెలిసిందల్లా, ఈ ఊళ్ళో పొద్దున్నే కారు తీస్తే పరిగెత్తేవాళ్ళు అడ్డంపడి ముందుకు కదలదని.

జెబివోట్‌ని బల్ల మీద పడుకోబెట్టి, ఎముక పొడుగునా వేలితో నొక్కుతూ వచ్చింది. "ఇక్కడా? ఇక్కడ?"

"లేదు డాక్టరమ్మా."

"ఎముకలో చిన్న పగులున్నా సరే, ఒకచోట వేలు పెట్టగానే ఎగిరి పడేదానివి. మీ కోచ్ చెప్పే షిన్ స్ప్లింట్స్ అయితే లోపలి అంచంతా పుండులా ఉండాలి. ఏదీ లేదు." పాదం మీద నాడి చూసింది, పాదాన్ని కిందకి వంచీ పైకి తిప్పీ మళ్ళీ చూసింది. నాడి గుర్రంలా కొట్టుకుంటోంది. "రక్తం కూడా బాగానే పోతోంది. నీ కాలు నా రెండు కాళ్ళ కంటే బాగుంది పిల్లా. ఇంతకీ ఆఖరిసారి ఎప్పుడు పరిగెత్తావ్?"

"గురువారం."

"ఇవాళ సోమవారం. నాలుగు రోజుల్నించీ పరుగే లేదా? మీ ఊళ్ళో అది నేరం కదా?"

"మీ దగ్గరికి రావాలి కదండీ!" అంది జెబివోట్ గర్వంగా. "పరీక్షకి వస్తూ అలిసిపోయిన కాళ్ళేసుకుని ఎవరైనా వస్తారా? పోయినసారి మూడు రోజులే ఆగాను, అందుకే సరిగ్గా కుదిరుండదు. ఈసారి ఇంకో రోజు ఎక్కువ ఆగా. నిన్న పెందలాడే పడుకున్నా. పొద్దున ఆ పెద్ద ఎత్తు కూడా ఎక్కకుండా చుట్టు తిరిగి మెల్లిగా నడిచొచ్చా."

అధియాంబో చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ పిల్ల మొహంలోకి చూసింది, కాలు వైపు చూసింది, మళ్ళీ మొహంలోకి చూసింది. ఆ తరవాత బల్ల మీద ఒక్క చరుపు చరిచింది. మందుల సీసాలు గల్లుమన్నాయి.

"చంపావు కదే తల్లీ! పరీక్ష అంటే పందెం అనుకున్నావా? నొప్పిని ఇంటి దగ్గర పడుకోబెట్టి నువ్వొక్కదానివే వచ్చావు! మూడుసార్లు! నేనేమో లేని నొప్పిని వెతుక్కుంటూ కూర్చున్నాను!"

జెబివోట్‌కి భయమేసింది. పెద్ద రోజుకి ముందు కాళ్ళకి విశ్రాంతి ఇవ్వాలని ఇటెన్‌లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. అందులో తిట్టాల్సిందేముంది? కానీ డాక్టరమ్మ తిట్టడం లేదు. కుర్చీలోంచి లేచి గదిలో అటూ ఇటూ తిరుగుతోంది, కళ్ళు వెలిగిపోతున్నాయి.

"పద్నాలుగో నిమిషం అన్నావు. ప్రతిసారీ అదేనా? పదో నిమిషం, ఇరవయ్యో నిమిషం కాదు?"

"అదే. వాచ్ అక్కర్లేదు, నా కాలే చెప్తుంది."

"వేళ్ళ మధ్య తిమ్మిరి. పాదం లేవదు. కూర్చుంటే మాయం." ఒక్కోటీ వేళ్ళ మీద లెక్కపెట్టింది. "మూడో తరగతి స్వెటర్ ఇప్పుడు తొడుక్కుంటే ఎలా ఉంటుంది?"

"ఊపిరాడదు."

"నీ కండకి అదే జరుగుతోందని నా అనుమానం. కండ చుట్టూ ఒక పొర ఉంటుంది, గట్టిది, సాగదు. పరిగెడితే కండ ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి నరాన్ని నొక్కేస్తుంది. ఆగితే కండ తగ్గిపోతుంది, నొప్పీ పోతుంది. ఆ ఒత్తిడిని కొలిచే సూది కిసుములో మా గురువుగారి దగ్గర ఉంది. బుధవారం పొద్దునకి తెప్పిస్తా. ఆ రోజే మధ్యాహ్నం బండికి తిప్పి పంపెయ్యాలి. నువ్వు మాత్రం బుధవారం నా దగ్గర పరిగెత్తాలి. నొప్పి వచ్చేదాకా!"

జెబివోట్ గుండె ఎగిరి గంతేసింది, వెంటనే కిందకీ పడింది. బుధవారం అంటే మూడో గురువారానికి ముందు రోజు. ఆ రోజు కాలు విరగ్గొట్టుకునేలా పరిగెడితే, మర్నాడు గుంపులో పద్నాలుగు కాదు కదా పది నిమిషాలు కూడా నిలవదు. సూది ఏమీ చూపించకపోతే మంచం ఖాయంగా పోయినట్టే.

"వస్తాను" అంది.

*

బుధవారం పొద్దున సూది వచ్చింది. పది గంటలకి కరెంటు పోయింది.

ఆసుపత్రిలో ఉన్న ఒక్క ట్రెడ్‌మిల్ బెల్టూ బిగుసుకుపోయింది. అప్పటికే విశ్రాంతిగా ఉన్న కాలిలో, చిటికెడు మత్తుమందు చర్మం కిందకి ఎక్కించి, సూది గుచ్చి కొలవడం అయిపోయింది. ఒత్తిడి పన్నెండు వచ్చింది. అది అందరికీ ఉండేదే. ఇప్పుడు పరిగెత్తాలి, కానీ ఎక్కడ?

"బయట!" అంది అధియాంబో. "గేటు దగ్గర మొదలెట్టు, నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరిగి, కాన్పుల వార్డు వెనకనుంచి మళ్ళీ గేటు దగ్గరికి. నొప్పి వచ్చిన నిమిషంలోపు సూది దిగాలి. ఈ వరండా బెంచీ మీదే కాచుకుని ఉంటా."

జెబివోట్ మొదలుపెట్టింది. వరండాలో కూర్చున్న రోగులంతా మందులు మరిచిపోయి చూడసాగారు. చేతికి కట్టుతో ఒక అవ్వ లెక్క పెట్టడం మొదలుపెట్టింది. ఆరు చుట్లు, ఏడు చుట్లు. తొమ్మిదో నిమిషం, పదకొండో నిమిషం. నొప్పి జాడలేదు. ఒంటరి పరుగు, దానికి తోడు భయం. కాళ్ళు తమంతట తామే నెమ్మదించేశాయి. పదిహేనో నిమిషం కూడా వచ్చి వెళ్ళిపోయింది. వద్దన్నప్పుడల్లా ప్రాణం తీసిన నొప్పి, రమ్మంటే రానంటోంది! ఆమెకి కళ్ళనీళ్ళ పర్యంతమైంది.

అప్పుడే గేటులోంచి కోచ్ చెబోయ్ వచ్చాడు, వెనకాల డోర్కాస్, ఇంకో ఇద్దరు పిల్లలు. పొద్దుటి పరుగు ముగించుకుని, పిల్ల కనపడకపోతే వెతుక్కుంటూ వచ్చారు.

"గురువారం ముందు రోజు పరిగెత్తిస్తున్నారా?" కోచ్ గొంతు ఖంగుమంది. "సరస్సు వాళ్ళకి చేపల సంగతి తెలుసు గానీ, పరుగు సంగతేం తెలుసు డాక్టరమ్మా?"

"చేపనైనా ఈదుతున్నప్పుడే చూడాలి కోచ్ గారూ. ఒడ్డు మీద ఎండబెట్టి తీసుకొచ్చి, ఇది ఎలా ఈదేదో చెప్పమంటే నేనేమన్నా సోదె చెప్పేదాన్నా? మీ పిల్ల మూడుసార్లు ఎండుచేపలాగే వచ్చింది!"

వరండా అంతా గొల్లుమంది. కోచ్ ఏదో అనబోయి, జెబివోట్ ట్యాంకు చుట్టూ తిరిగి రావడం చూసి మాట మింగాడు. చూశాడు, మొహం చిట్లించాడు. చెడ్డ పరుగు చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాదు, కోపం కంటే ఆ బాధే ఎక్కువైంది.

"అది పరుగా? మేకలు కాసే నడక! అలా అయితే సాయంత్రం దాకా తిరిగినా ఏమీ రాదు. ఏయ్, ఆగు! నీళ్ళు తాగు. డోర్కాస్, ముందు నువ్వు! మీరిద్దరూ చెరో పక్క! గురువారం వేగం, ఒక్క అంగుళం తగ్గకూడదు. లాక్కెళ్ళండి దాన్ని!"

"పద మహారాణీ" అంది డోర్కాస్, "ఇవాళ నిన్ను సింహాసనం ఎక్కించి గానీ వదలను."

అప్పుడు చూడాలి! నలుగురూ బాణంలా లేచారు. కాన్పుల వార్డు వెనక కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. మందులిచ్చే గదిలోంచి నర్సులు బయటికొచ్చారు. కర్రల మీద నిలబడ్డ ఒకాయన కర్ర ఎత్తి ఊపబోయి గోడ పట్టుకున్నాడు. అవ్వ ప్రతి చుట్టుకీ కేరింత కొట్టి కొత్త అంకె చెబుతోంది. డోర్కాస్ వీపు తప్ప జెబివోట్‌కి ఇంకేమీ కనపడటం లేదు. రొమ్ము మండుతోంది, కాళ్ళు ఎగురుతున్నాయి. జీవితంలో మొదటిసారి ఆ నొప్పి కోసం ఆమె దేవుడికి దండం పెట్టుకుంది.

కోచ్ గోడకానుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎనిమిది పాదాలు, నాలుగు జతలు. పదో నిమిషం, పన్నెండో నిమిషం. అధియాంబో సూది పట్టుకుని, చేతికి తొడుగేసుకుని, బెంచీ చివరన కూర్చుని ఊపిరి బిగబట్టింది.

చప్.

కోచ్ కళ్ళు తెరిచాడు. చప్, చప్. ఒక పాదం నేలని తడిమి దిగడం మానేసి, చెప్పులా కొట్టుకుంటోంది. ఆ చప్పుడు ఆయనకి కొత్త కాదు. ఆ పిల్ల ఇంకా ఏమీ అనలేదు, పళ్ళు బిగించి పరిగెడుతూనే ఉంది.

"వచ్చింది!" అని అరిచాడు. "డాక్టరమ్మా, వచ్చేసింది! ఎత్తండి దాన్ని!"

డోర్కాస్ చంకలో చెయ్యేసింది, మిగతా ఇద్దరూ కాళ్ళు పట్టారు. బెంచీ మీద పడెయ్యడం, అధియాంబో కాలు తుడవడం, సూది దిగడం, అన్నీ ఒక్క ఊపిరిలో అయిపోయాయి. చిన్న తెర మీద అంకె కదలడం మొదలైంది. ఇరవై. ముప్పై నాలుగు. నలభై ఏడు. యాభై ఆరు దగ్గర నిలబడింది.

"ముప్పై దాటితే జబ్బే!" డాక్టరమ్మ గొంతు కీచుమంది. "యాభై ఆరు! చూడండి, యాభై ఆరు!"

అయిదు నిమిషాలాగి మళ్ళీ చూసింది. ఇంకా ముప్పై మూడు. ఒక రోగం దొరికినందుకు ఆసుపత్రి ఆసుపత్రంతా చప్పట్లు కొట్టడం ఇటెన్ ఎన్నడూ చూసి ఉండదు. నర్సులు గెంతారు. అవ్వ ముందుకి వంగి, "ఇంతకీ పిల్ల ఎన్నో స్థానం?" అని అడిగింది.

"మొదటి స్థానమే అవ్వా!" అంది డాక్టరమ్మ.

జెబివోట్ మొహం రెండు చేతుల్తో కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నొప్పికి కాదు. తాను అబద్ధం చెప్పలేదు, తన తలలో పురుగేమీ లేదు, తాను పిరికిది కాదు. ఇన్ని నెలలుగా తనకే తన మీద అనుమానం వచ్చేసింది, ఆ బరువంతా ఒక్కసారిగా దిగిపోయింది.

కోచ్ బెంచీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఆ చప్పుడు నేను మార్చి నుంచీ వింటున్నానే" అన్నాడు. "బద్ధకంతో కాలీడుస్తోందనుకున్నా. నా చెవికి వినపడింది గానీ బుర్రకి ఎక్కలేదు. తప్పు నాది." మెడలోంచి స్టాప్‌వాచ్ తీసి జేబులో పెట్టుకున్నాడు. "నీ మంచం ఎక్కడికీ పోదు."

డోర్కాస్ ఒక్కతే ఏమీ అనలేదు. పక్కకి తిరిగి, తన ఎడమకాలు నిమురుకుంటూ నిలబడింది. అంత నోరున్న మనిషి ఊరుకుంటే వింతగా ఉంది గానీ, ఆ సందడిలో ఎవరూ పట్టించుకోలేదు.

*

వైద్యం గురించి అధియాంబో దాపరికం లేకుండా చెప్పింది. పరుగు మానేస్తే నొప్పి మళ్ళీ రాదు. ఆ మాటకి జెబివోట్ చూసిన చూపుకి డాక్టరమ్మే తల దించుకుంది. పాదం వేసే తీరు మార్చుకుంటే కొందరికి తగ్గుతుంది, దానికి నెలలు పడుతుంది, తగ్గుతుందన్న హామీ లేదు. మూడోది, బిగుసుకున్న ఆ పొరని చీల్చి కండకి చోటివ్వడం. అదీ పదిమందికి చేస్తే పదిమందికీ కుదరదు, కానీ ఎక్కువమందికి కుదురుతుంది.

"స్వెటర్ చింపెయ్యండి" అంది జెబివోట్.

కిసుములో గురువుగారు రెండు చిన్న కోతలతో పని కానిచ్చారు. మర్నాడే కర్రల మీద నడిపించారు. పదిరోజులకి కర్రలు పోయాయి, నెలకి సైకిలెక్కింది, రెండు నెలలకి గడ్డి మీద మెల్లగా పరుగు. తిరిగొచ్చేటప్పుడు గురువుగారు ఆ సూదిని డబ్బాలో పెట్టి ఆమె చేతికే ఇచ్చారు. దానికి మీ ఊళ్ళోనే పనెక్కువ, మీ డాక్టర్నే ఉంచుకోమను అన్నారట. శిబిరంలో ఆమె మంచం మీద దుప్పటి మడత కూడా కదలలేదు.

కోతలు పడ్డాక పన్నెండో వారం, గురువారం. యూకలిప్టస్ చెట్ల సందుల్లోంచి ఎండ పడుతోంది, రెండొందల జతల కాళ్ళు ఎర్రదుమ్ము లేపుతున్నాయి. వాచ్ పెట్టుకోవద్దని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది. జెబివోట్ ఖాళీ మణికట్టుతో, గుండె చిక్కబట్టుకుని గుంపులో కలిసింది. పక్కనే డోర్కాస్. మలుపు వచ్చింది, తాను ఎప్పుడూ కూలబడే గట్టు వచ్చింది. కాలు వైపు మనసు పెట్టి విన్నది. ఏమీ లేదు. గట్టు వెనక్కి పోయింది. ఎత్తు వచ్చింది, ఎక్కేసింది. ఇంకో మలుపు.

"అక్కా! ఎన్నో నిమిషం?"

డోర్కాస్ తన వాచ్ వైపు చూసి మొహం తిప్పుకుంది.

"అక్కా, చెప్పవే!"

"పంతొమ్మిది" అంది డోర్కాస్ పళ్ళ సందునుంచి.

పంతొమ్మిది! జెబివోట్‌కి ఎగిరి అరవాలనిపించింది. లోయలో అమ్మకి వినపడేలా అరవాలనిపించింది. నోరు తెరిచింది, అప్పుడు వినపడింది.

చప్. చప్.

భయంతో తన కుడికాలు వైపు చూసుకుంది. అది కాదు. చప్పుడు పక్కనుంచి వస్తోంది.

"అక్కా, నీ ఎడమకాలు! ఎన్నాళ్ళనుంచి?"

"నీ సూది రోజుకంటే ముందునుంచే." డోర్కాస్ మొహం నిండా చెమట, కళ్ళలో నీళ్ళు. "నాది పంతొమ్మిదో నిమిషం. అప్పటికి మీరంతా వెనకబడి ఉంటారు, ఎవరూ చూసేవాళ్ళు కాదు. నిన్ను అన్న మాటలు నన్నెవరైనా అంటారని నోరెత్తలేదే. సోమవారం వెళ్తాలే డాక్టరమ్మ దగ్గరికి. నాలుగు రోజులు రెస్ట్ తీసుకుని..."

"రెస్టా? చంపేస్తా!"

జెబివోట్ ఆమె మణికట్టు పట్టుకుంది. గుంపు కుడివైపు తిరుగుతోంది. ఈ పరుగు పూర్తి చెయ్యాలని మూడు నెలలుగా కలలు కన్నది, చివరి ఎత్తు కళ్ళ ముందే ఉంది. అటు ఒక్కసారి చూసింది. డోర్కాస్‌ని లాక్కుని ఎడమవైపు, ఆసుపత్రి రోడ్డు పట్టింది.

"తగ్గకు! అదే వేగం! నొప్పి పోనివ్వకు, గట్టిగా పట్టుకో దాన్ని!"

రోడ్డు పక్కన కళ్ళు మూసుకుని నిలబడ్డ కోచ్ చెబోయ్‌కి, రెండు జతల అడుగులు దారి తప్పి పోవడం వినపడింది. అందులో ఒకటి చప్ చప్ మంటోంది. కళ్ళు తెరిచాడు.

"ఎటు పోతున్నారే మీరిద్దరూ?"

"పరీక్షకి కోచ్ గారూ!" జెబివోట్ వెనక్కి తిరక్కుండానే కేకేసింది. "ఎండుచేపలా కాదు, ఈదుకుంటూ!"